ఎనిమిదా, పదహారా? ఇప్పుడా, ఆగాకా?

విజయవాడలో బీటెక్ చదివే మా అన్నయ్య కొడుకు పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. "బాబాయ్, ఒకే పేరున్న గ్రాఫిక్స్ కార్డు 8 జీబీలో ఒక ధర, 16 జీబీలో ఇంకో ధర. చాలా ఆటల్లో రెండిటికీ ఫ్రేములు సమానంగానే వస్తున్నాయి. మరి ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలి? అసలు ఇప్పుడు కొనాలా, ఆగాలా?" అన్నాడు. ముప్పై నలభై వేలంటే వాళ్లింట్లో చిన్న మొత్తం కాదు. అందుకే ఫోన్లో తేల్చేయకుండా వివరంగా రాస్తానన్నాను.

కార్డు మీద ఉండే మెమొరీ, పొయ్యి పక్కన పెట్టుకున్న పోపుడబ్బా లాంటిది. కావలసినవన్నీ డబ్బాలో ఉన్నంతవరకు పని చకచకా సాగుతుంది. నూనె కాగాక ఆవాల కోసం వీధి చివరి కొట్టుకు పరుగెత్తాల్సి వస్తే మాత్రం పోపు మాడిపోతుంది. ఆర్‌టీఎక్స్ 4060 అనే ఎన్‌విడియా కార్డునే తీసుకుందాం. అది తన సొంత మెమొరీ నుంచి సెకనుకు 272 జీబీ చదవగలదు. ఆ 8 జీబీ నిండిపోతే మిగిలిన సరుకు కంప్యూటర్ ర్యామ్‌లోకి వెళుతుంది. అక్కడి నుంచి మదర్‌బోర్డు పీసీఐఈ స్లాట్ గుండా రావాలి. ఈ కార్డు స్లాట్‌లో 8 లేన్లే వాడుకుంటుంది. పీసీఐఈ 4.0 బోర్డులో ఆ దారిన సెకనుకు వచ్చేది సుమారు 16 జీబీ. 3.0 బోర్డయితే అందులో సగమే.

అందుకే మెమొరీ నిండేదాకా 8, 16 జీబీ కార్డులకు తేడా కనిపించదు. నిండిన తర్వాత ఆట ఉన్నట్టుండి ఆగి ఆగి కదులుతుంది. కొన్ని ఆటలైతే ఆగవు. మనకు చెప్పకుండా నాసిరకం టెక్స్చర్లు వేసి నెట్టుకొస్తాయి. గోడలు, ముఖాలు మసకబారతాయి గాని ఫ్రేముల లెక్క మాత్రం బాగానే ఉంటుంది. సగటు ఫ్రేముల పట్టిక ఒక్కటే చూసి కార్డు కొనకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

8 తర్వాత నేరుగా 16 ఎందుకు, మధ్యలో 12 ఎందుకు లేదని కూడా అడిగాడు. మంచి ప్రశ్న. ఒక్కో మెమొరీ చిప్‌కు 32 బిట్ల దారి కావాలి. ఈ తరగతి కార్డుల్లో చాలావాటికి మొత్తం దారి 128 బిట్లు, అంటే నాలుగు చిప్‌లకే చోటు. ఒక్కో చిప్ 2 జీబీ కాబట్టి 8 అవుతుంది. పెంచాలంటే బోర్డుకు వెనకవైపు కూడా నాలుగు అతికించి, ఒక్కో దారిని రెండేసి చిప్‌లకు పంచాలి. అప్పుడు 16 అవుతుంది. గోదాము రెట్టింపవుతుంది గాని రోడ్డు వెడల్పు మారదు. ఈ 2 జీబీ చిప్‌లతో 12 కావాలంటే 192 బిట్ల దారి ఉండాలి. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060, 2024 డిసెంబరులో 249 డాలర్లకు వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580 అలాంటివే.

ఇక ధర. 2025లో ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 8 జీబీ 379, 16 జీబీ 429 డాలర్లకు వచ్చాయి. ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 299, 349. రెండిట్లోనూ తేడా 50 డాలర్లే. అమెరికాలో చెప్పే ధరలో పన్ను కలవదు, మనకు 18 శాతం జీఎస్టీ కలుస్తుంది. డాలరుకు 85 రూపాయల లెక్కన చూసినా ఆ తేడా మనకు 5,000 దాకా తేలుతుంది. పాత 1080పీ మానిటర్ మీద వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ మాత్రమే ఆడేవాళ్లకు ఆ డబ్బు దండగ. 1440పీ మానిటర్ ఉన్నవాళ్లు, కార్డును నాలుగైదేళ్లు వాడాలనుకునేవాళ్లు మాత్రం వెనకాడకూడదు. 1080పీలో 20.7 లక్షల పిక్సెళ్లుంటే 1440పీలో 36.9 లక్షలు, కాబట్టి మెమొరీ కూడా ఎక్కువ కావాలి. మావాడు 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ కూడా నేర్చుకుంటున్నాడు. అందులో సీన్ కార్డు మెమొరీలో పట్టకపోతే రెండర్ నత్తనడకన సాగుతుంది, లేదా మధ్యలో ఆగిపోతుంది. ఆ పనికి ఎన్‌విడియా కార్డులే ఎక్కువ అనుకూలం. ఆటలకు మాత్రమే అయితే పెట్టిన డబ్బుకు 9060 ఎక్స్‌టీ 16 జీబీ మేలని నా అభిప్రాయం.

ఎప్పుడు కొనాలి? పెద్ద కార్డు ముందు వస్తుంది, మధ్యతరగతి కార్డు వెనకాల వస్తుంది. 4090 వచ్చింది 2022 అక్టోబరులో, 4060 వచ్చింది 2023 జూన్‌లో. 5090 జనవరి 2025లో వస్తే 5060 మే నెలలో వచ్చింది. కాబట్టి కొత్త తరం పెద్ద కార్డు అప్పుడే విడుదలై ఉంటే కొన్ని నెలలు ఆగడంలో అర్థముంది. దాని జాడే లేనప్పుడు ఆగడమంటే ఏడాదో రెండేళ్లో ఉత్తచేతులతో కూర్చోవడమే.

ఆగితే ధర తగ్గుతుందన్న నమ్మకం ఈ సరుకు విషయంలో ప్రతిసారీ నిలబడదు. 2021లో ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీని మైనింగ్ చేసేవాళ్లు కార్డులన్నీ ఎగరేసుకుపోయారు. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం ఆ పద్ధతి మానేశాక వాడేసిన కార్డులు సెకండ్‌హ్యాండ్‌లో కుప్పలుగా వచ్చిపడ్డాయి. అప్పుడు ఆగినవాళ్లు బాగుపడ్డారు. 2025 చివరలో కథ తిరగబడింది. ఏఐ సర్వర్లు మెమొరీ చిప్‌లను లాగేసుకోవడంతో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. ఎక్కువ చిప్‌లున్న 16 జీబీ కార్డుకే ఆ సెగ ముందు తగులుతుంది. అందుకే క్యాలెండర్ కన్నా మన అవసరాన్ని, విడుదల ధరను చూడమంటాను. పని ముందుకొచ్చి, దుకాణంలో ధర విడుదల నాటి ధరకు దగ్గరగా ఉంటే అదే సరైన రోజు.

మావాడికి బ్లెండర్ పనీ ఉంది, కాలేజీ ప్రాజెక్టు ఈ సెమిస్టర్‌లోనే ఉంది, కాబట్టి 5060 టీఐ 16 జీబీ ఇప్పుడే కొనమన్నాను. సికింద్రాబాద్ కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో రెండు మూడు కొట్లు తిరిగి, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకుని, భారత్‌లో వారంటీ ఉందో లేదో అడగమన్నాను. ఆ కార్డు 180 వాట్లు తింటుంది, కంపెనీ కంప్యూటర్‌కు కరెంటు అందించే 600 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలంటుంది. వాడిది ఎప్పుడో ఎవరో బిగించి ఇచ్చిన పీసీ. బస్సెక్కే ముందు కేబినెట్ తెరిచి, లోపల ఎస్‌ఎంపీఎస్ మీద ఎన్ని వాట్లని రాసి ఉందో ఫొటో తీసి పంపమన్నాను.