మాటలు ఆమెవి... చూపు అతనిది

సీరియల్‌ అయిపోయి పేర్లు పడుతున్నాయంటే ఇంట్లో అందరూ లేచినట్టే. ఒకరు వంటింట్లోకి, ఇంకొకరు రిమోట్‌ మీదికి. 'మాటలు' అన్న అక్షరాల పక్కన ఎవరి పేరుందో చూసేదెవరు?

1990ల్లో జీ టీవీలో 'బనేగీ అప్నీ బాత్‌' అనే సీరియల్‌ వచ్చేది. కాలేజీ పిల్లల కథ. తర్వాత 'సఖి'తో మనకు దగ్గరైన మాధవన్‌ కూడా అందులో నటించాడు. దానికి రాసినవాళ్లలో సుతపా సిక్దర్‌ ఒకరు. నటించినవాళ్లలో పెద్ద పెద్ద కళ్లున్న ఓ సన్నటి మనిషీ ఉన్నాడు. పేరు ఇర్ఫాన్‌ ఖాన్‌. తెర మీద అతను, తెర వెనక ఆమె. సెట్లో పుట్టిన ప్రేమ అనుకుంటే పొరపాటే. అప్పటికి వాళ్ల పరిచయానికి పదేళ్లు దగ్గరపడుతున్నాయి.

ఇద్దరూ ఢిల్లీలోని నేషనల్‌ స్కూల్‌ ఆఫ్‌ డ్రామాలో ఒకే బ్యాచ్‌. ఇర్ఫాన్‌ది రాజస్థాన్‌. తండ్రి టైర్ల వ్యాపారి. ఇంట్లో సినిమా గాలి సోకినవాళ్లు లేరు. 1984లో ఆ స్కూల్లో చేరిన కుర్రాడికి నటన తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు. ఆ రోజుల గురించి సుతప తర్వాత్తర్వాత చెప్పిన సంగతి ఒకటుంది. మిగతావాళ్లంతా కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే, అతను వస్తూనే నేరుగా గదిలోకి వెళ్లి, నేల మీద కూర్చుని పుస్తకం తెరిచేవాడట. పూలూ ప్రేమలేఖలూ లేని ప్రేమకథలో గుర్తుండిపోయిన దృశ్యం అదీ!

చదువయ్యాక మకాం బొంబాయికి మారింది. అక్కడ అతని కోసం ఎవరూ ఎర్ర తివాచీ పరచలేదు. 1988లో మీరా నాయర్‌ తీసిన 'సలామ్‌ బాంబే'లో మొదట పెద్ద వేషమే అనుకున్నారు. చివరికి మిగిలింది వీధిలో కూర్చుని ఉత్తరాలు రాసిపెట్టేవాడి పాత్ర, అదీ కాసేపే. ఇక బుల్లితెరే దిక్కయింది. దూరదర్శన్‌లో 'భారత్‌ ఏక్‌ ఖోజ్‌', 'చాణక్య', 'చంద్రకాంత'... ఒకదాని తర్వాత ఒకటి. 'చాణక్య'లో సేనాపతి భద్రశాలుడు అతనేనంటే అప్పట్లో ఆదివారాలు టీవీ ముందు కూర్చున్నవాళ్లు కూడా ఆశ్చర్యపోతారు.

1995 ఫిబ్రవరి 23న పెళ్లయింది. అప్పటికి అతను 'ఫేమస్‌' కాడు. నిజం చెప్పాలంటే వెండితెర ముందుగా పలకరించింది ఆమెనే. సంజయ్‌ లీలా భన్సాలీ తొలి సినిమా 'ఖామోషీ' 1996లో వచ్చింది. మాట రాని, వినపడని దంపతులూ, వాళ్ల కూతురి కథ. అలాంటి కథకు మాటలు రాయడం కత్తి మీద సామే. ఆ పని చేసింది సుతప! ఇంట్లో ఆయనగారు మాత్రం ఇంకా సీరియళ్లలోనే ఉన్నాడు. విసుగొచ్చి నటనే మానేద్దామనుకున్న రోజులూ ఉన్నాయని ఇర్ఫానే చెప్పుకున్నాడు.

2001లో ఆసిఫ్‌ కపాడియా తీసిన 'ది వారియర్‌' అతని దశ తిప్పింది. తర్వాత 'హాసిల్‌', 'మఖ్బూల్‌'. 2006లో మన గుణశేఖర్‌ 'సైనికుడు'లో మహేశ్‌బాబుకి ఎదురు నిలబెట్టింది ఇతన్నే. పప్పూయాదవ్‌ గుర్తున్నాడుగా! గొంతు అరువుదైనా ఆ కళ్లు అతనివే. 'పాన్‌సింగ్‌ తోమర్‌'తో జాతీయ ఉత్తమ నటుడయ్యాడు. 2013లో 'లంచ్‌బాక్స్‌' వచ్చింది. ఒకరినొకరు చూసుకోని ఇద్దరు, క్యారేజీలో పెట్టిన చీటీలతోనే దగ్గరయ్యే కథ. రాసే మనిషితో కాపురం చేస్తున్నవాడికి ఆ పాత్ర అంతగా నప్పడంలో వింతేముంది?

అతను హాలీవుడ్‌ దాకా వెళ్లాడు. ఆమె పేరు పేపర్లలో 'ఇర్ఫాన్‌ భార్య'గా మారిపోయింది. రచయితలకు ఇది కొత్తేం కాదు, రచయిత్రులకు అసలే కాదు. కానీ ఆమె పని ఆగలేదు. 'మదారీ' (2016), 'కరీబ్‌ కరీబ్‌ సింగిల్‌' (2017)... అతను హీరోగా చేసిన ఈ రెండు సినిమాల నిర్మాతల్లో ఆమె ఒకరు. మళ్లీ తెర మీద అతను, తెర వెనక ఆమె.

2018 మార్చిలో పిడుగులాంటి వార్త. ఇర్ఫాన్‌కు న్యూరోఎండోక్రైన్‌ ట్యూమర్‌ అనే అరుదైన క్యాన్సర్‌. చికిత్స కోసం లండన్‌ వెళ్లారు. రెండేళ్ల పోరాటంలో రాత్రీ పగలూ పక్కన ఉన్నది సుతపే. బతికే అవకాశమొస్తే ఆమె కోసం బతకాలనుందని 2020లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడతను. తానింకా నిలబడి ఉన్నానంటే కారణం ఆమేనన్నాడు. ప్రేమ సన్నివేశాల్లో కూడా పొదుపుగా మాట్లాడే నటుడు అంత సూటిగా చెప్పడం అరుదు.

2020 ఏప్రిల్‌ 29న, లాక్‌డౌన్‌ రోజుల్లో, ముంబయిలో ఇర్ఫాన్‌ కన్నుమూశాడు. 53 ఏళ్లు. రెండ్రోజుల తర్వాత కుటుంబం తరఫున ఒక ప్రకటన వచ్చింది. రాసింది సుతప. మామూలుగా అలాంటి ప్రకటనలు నాలుగు ముక్కల్లో ముగుస్తాయి. ఇది మాత్రం రచయిత్రి రాసిందని ప్రతి వాక్యమూ చెబుతుంది. అతని మీద ఆమెకున్న ఫిర్యాదు ఒక్కటేనట... జీవితాంతానికీ తనను చెడగొట్టేశాడని! ఏ పనైనా పరిపూర్ణంగా ఉండాలన్న అతని తపన వల్ల మామూలు వాటితో సరిపెట్టుకోవడం తనకు చేతకాకుండా పోయిందట. డాక్టర్లిచ్చిన రిపోర్టుల్ని స్క్రిప్టుల్లా చదివేదట. అతను నటనలో ఏ చిన్న వివరాన్నీ వదలనట్టే, తానూ వాటిలో ఒక్క వివరం కూడా వదలకూడదని.

తెర వెనక మనిషి చివరిదాకా చేసిన పని అదే, కాగితం మీది అక్షరాలతో కుస్తీ.

వాళ్లకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు బాబిల్‌ 2022లో 'ఖలా'తో నటుడయ్యాడు. ఆ ప్రకటన చివర్లో సుతప రాసింది మాత్రం ఒక చెట్టు గురించి. ఇర్ఫాన్‌కు రాత్‌కీ రాణి అంటే ఇష్టం. అతను నిద్రపోతున్న చోట ఆ మొక్కను నాటుతామనీ, పూయడానికి కొంత కాలం పడుతుందనీ, పూశాక ఆ పరిమళం అందరికీ చేరుతుందనీ రాసింది. ఆ అందరినీ ఆమె అభిమానులు అనలేదు, కుటుంబం అంది.