కృష్ణా డెల్టా తెరచాప పడవలు

కృష్ణా డెల్టా తెరచాప పడవలు కృష్ణా కాలువలలో సరుకులను, ప్రయాణికులను చేరవేసిన చదును అడుగు గల కొయ్య పడవలు. రోడ్డు రవాణా పెరగడంతో 20వ శతాబ్దంలో ఇవి క్రమంగా కనుమరుగయ్యాయి.

చరిత్ర

విజయవాడ వద్ద కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయింది. మచిలీపట్నం వైపు సాగే బందరు కాలువ వంటివి సాగునీటితో పాటు జలరవాణాకు కూడా ఉపయోగపడ్డాయి. నీటిమట్టం మారే చోట పడవలు లాకుల గుండా సాగేవి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేనిచో గట్టు మీది నుండి తాడుతో లాగేవారు, లేదా గెడ వేసేవారు.

కుటుంబ ప్రయాణానికి సిద్ధపరచుట

పాత పడవను మొదట ఒడ్డుకు చేర్చి ఆరబెట్టాలి. పుచ్చిన పలకలను మార్చి, సందులలో నార కూరి, నీరు చొరని పూత పూయాలి. పిదప చుక్కాని, తాళ్ళు, లంగరు పరీక్షించాలి. ఎండకు, వానకు వెదురు గూడు అవసరం. అయితే గూడు ఎత్తుగా ఉంటే గాలికి పడవ ఒరుగుతుంది. నీటి పీపాలు, బియ్యం వంటి బరువులను అడుగున, నడుమ ఉంచాలి. పొయ్యి కింద ఇసుక పరచాలి. పిల్లలతో సహా అందరికీ లైఫ్ జాకెట్లు ఉండాలి.

పరిమితులు

చదును అడుగు లోతులేని కాలువకు అనువైనది, కానీ సముద్రపు అలలకు నిలువదు. పక్కగాలికి పడవ దారి తప్పుతుంది. కావున గుడివాడ పరిసరాల కాలువలలో తిరిగే పడవను హంసలదీవి సాగరసంగమం దాటించరాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలాది మందిని బలిగొన్నది. తుఫాను హెచ్చరిక వెలువడిన వెంటనే పడవను విడిచి, ఎత్తైన గట్టి కట్టడానికి చేరాలి.