నరాల బలహీనతా? నాళాల బలహీనతా?

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే బస్సులో కిటికీ పక్కన చోటు దొరికినవారు ఈ దృశ్యాన్ని చూసే ఉంటారు. పాలవంచ దాటి అడవి దగ్గరపడుతున్నకొద్దీ రోడ్డు వారగా, చెట్టు నీడ చూసుకుని, ఒక చిన్న గుడారం. ముందు పరచిన పట్టా మీద వేళ్లు, బెరళ్లు, గింజలు, సీసాలలో రంగురంగుల నూనెలు. గుడారానికి కట్టిన గుడ్డ మీద పెద్ద పెద్ద అక్షరాలు: “నరాల బలహీనతకు అడవి మందు”. అక్కడ మోటారు సైకిలు ఆపినవాడు వెంటనే దిగి దగ్గరికి పోడు. ముందు సెల్‌ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తాడు. అటూ ఇటూ చూస్తాడు. బస్సు పోయేదాకా ఆగుతాడు. ఆ తర్వాతనే గుడారంలోకి తలవంచి దూరుతాడు.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి ముందు ఆ మాట మీదనే దృష్టి పోతుంది. “నరాల బలహీనత” అనేది మన భాషలో బహు సంసారపక్షపు మాట. భార్యాభర్తల కలయికలో మగవాడికి పటుత్వం తగ్గిందని చెప్పడానికి నోరు రాక, ఆ నేరాన్ని నరాల మీదికి తోసేశాం. ఆడదానికి పిల్లలు కలగకపోతే “గొడ్రాలు” అనే మాట పుట్టించి మొగమాటం లేకుండా వీధిలోకి వదిలిన భాషే, మగవాడి దగ్గరికి వచ్చేసరికి ఇంత మర్యాద నేర్చుకున్నది! మర్యాదకేమీ తప్పు లేదు. కాని ఈ మాట మనిషిని దారి తప్పిస్తుంది. నరాల బలహీనత అనుకున్నవాడు నరాలకు టానిక్కు తాగుతూ కూర్చుంటాడు. అసలు లోపం చాలామందిలో, ముఖ్యంగా 40 దాటినవారిలో, నరాలలో కంటె రక్తనాళాలలో ఉంటుంది.

సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం. మనసులో కోరిక కలిగినప్పుడు ఆ కబురును మెదడు నుంచి వెన్నుపాము గుండా నరాలే మోసుకుపోతాయి, నిజమే. కబురు అందగానే అక్కడి నరాల కొసలూ, రక్తనాళాల లోపలి పొరా నైట్రిక్ ఆక్సైడు అనే వాయువును విడుదల చేస్తాయి. దానితో నాళాల గోడలలోని కండరం సడలుతుంది, దారి వెడల్పవుతుంది, రక్తం వచ్చి నిండుతుంది. నిండిన రక్తం వెనక్కు పోకుండా సిరలు నొక్కుకుపోతాయి. అంగస్తంభన అంటే ఇంతే. మడికి నీరు పెట్టడం వంటిది. తూము తెరుచుకోవాలి, కాలవలో పూడిక ఉండకూడదు, గట్టుకు గండి పడకూడదు. నైట్రిక్ ఆక్సైడు రక్తనాళాలలో చేసే ఈ పనిని కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానం వచ్చింది.

ఇప్పుడొక చిన్న లెక్క. ఈ పనికి రక్తం తెచ్చే ధమని లోపలి వెడల్పు 1 లేక 2 మిల్లీమీటర్లు. గుండె కండరానికి రక్తం తెచ్చే ధమనులు 3, 4 మిల్లీమీటర్లు. కొవ్వూ, చక్కెరా, పొగా, రక్తపుపోటూ నాళాలను పాడుచేసేటప్పుడు ఇది పెద్దది, అది చిన్నది అని చూడవు. అన్నిటినీ ఒక్కమాటే పాడుచేస్తాయి. కాని సన్నకాలవే ముందు పూడుతుంది. అందుచేతనే, గుండెజబ్బు వచ్చినవారిని విచారిస్తే, వారిలో చాలామందికి రెండు మూడేళ్లు ముందుగానే పడకగదిలో పటుత్వం తగ్గిందని వైద్యులు గమనించారు.

ఒక గుమాస్తాగారున్నారనుకోండి. 46 ఏళ్లు. ఉద్యోగం స్థిరమే, పిల్లలు చదువుల్లో ఉన్నారు, నడుము చుట్టూ కాస్త పొట్ట వచ్చింది. ఏడాదిగా ఆయన రాత్రి భోజనం కాగానే పక్కగదిలో టీవీ ముందు నిద్రపోతున్నారు. ఇల్లాలు ఒకనాడు ధైర్యం చేసి అడిగింది.

“ఏమండీ, ఒంట్లో బాగుండటం లేదా?”

“నాకేమొచ్చింది? దుక్కలా ఉన్నాను. ఆఫీసులో పని ఎక్కువైంది, అంతే.”

ఆమె మళ్లీ అడగలేదు. తన మీద ఇష్టం పోయిందేమోనని ఒకరోజు, మరెవరైనా ఉన్నారేమోనని ఒకరోజు, తనలో తానే కుమిలింది. ఆయన మాత్రం ఆదివారం పూట భద్రాద్రి రాముడి దర్శనమని చెప్పి, దారిలో గుడారం దగ్గర ఆగి, లేహ్యం డబ్బా కొనుక్కుని బీరువాలో కాగితాల కింద దాచారు. మూడేళ్ల తర్వాత ఒక తెల్లవారుజామున ఛాతీలో నొప్పి వచ్చింది. ఇది కల్పించి చెప్పిన కథ. కాని ఇటువంటిది జరగని వీధి ఉన్నదని నేననుకోను. గుండె పంపిన నోటీసు ఆయనకు మూడేళ్ల ముందే అందింది. దాన్ని ఆయన తీసుకుపోయి గుడారంలో ఇచ్చివచ్చారు.

మన ప్రాంతపు అడవికీ ఈ వ్యవహారానికీ మరొక సంబంధం ఉన్నది. వేసవి రాగానే భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు కోయ కుటుంబాలు తెల్లవారకముందే అడవికి పోయి తునికాకు కోస్తారు. 50 ఆకులు ఒక కట్ట. కల్లంలో వరసలుగా పరచి ఎండబెడతారు. ఆ మండుటెండలో వారు సంపాదించే నాలుగు డబ్బులు ఏడాదికంతకూ ఆసరా. వారిని అనవలసినది ఏమీ లేదు. ఆ ఆకు బీడీ అయి తిరిగి మన ఊళ్లకు వస్తుంది. ఆకుతో చుట్టింది గనుక సిగరెట్టు కంటె నయమని చాలామంది నమ్మకం. కాదు. ఆరిపోకుండా ఉండాలంటే బీడీని గట్టిగా, మాటిమాటికీ పీల్చవలసి ఉంటుంది. అంత విషమూ లోపలికి పోతుంది. నైట్రిక్ ఆక్సైడును తయారుచేసే నాళపు లోపలి పొరను దెబ్బతీయడంలో పొగాకును మించినది లేదు. చెవి సందున అడవి ఆకుతో చుట్టిన బీడీ పెట్టుకుని, అడవి మందు కోసం గుడారం ముందు నిలబడ్డ మనిషిని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

జీలుగు కల్లు సంగతీ అంతే. పట్నం నుంచి కార్లలో తెల్లవారుజామున ఏజెన్సీ పల్లెలకు పోయి, “ఒంటికి చలవ, మగతనానికి మంచిది” అని సీసాలు నింపుకువచ్చే పెద్దమనుషులు ఉన్నారు. కల్లయినా, ఇప్పసారా అయినా, కంపెనీ సీసా అయినా కోరికను రేపినట్టే ఉండి నరాలను మొద్దుబారుస్తుంది. ఏళ్ల తరబడి తాగితే కాలేయాన్నీ, పురుష హార్మోనునూ, ఈసారి నిజంగానే నరాలనూ దెబ్బతీస్తుంది.

కొత్తగూడెం, మణుగూరు బొగ్గు గనులలోనూ, పాలవంచ థర్మల్ కేంద్రంలోనూ, సారపాక కాగితం మిల్లులోనూ రాత్రి షిఫ్టు చేసే కుటుంబాలకు నిద్ర గురించి వేరే చెప్పనక్కరలేదు. టెస్టోస్టిరోన్ అనే పురుష హార్మోను చాలావరకు నిద్రలోనే తయారవుతుంది. 2011లో చికాగోలో పదిమంది ఆరోగ్యవంతులైన యువకులను వారం రోజులు రాత్రికి 5 గంటలే పడుకోనిచ్చి చూశారు. పగటిపూట ఆ హార్మోను 10 నుంచి 15 శాతం తగ్గింది. పదిమందితో చేసినది చిన్న పరీక్షే అనుకోండి. అయినా రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాడి గదికి పగటిపూట మందపాటి తెర కట్టి, ఇంట్లో పిల్లల్ని అల్లరి చేయకుండా చూసే ఇల్లాలు ఏ లేహ్యమూ చేయలేని పని చేస్తున్నట్టే.

అన్నిటికన్నా పెద్ద దొంగ చక్కెర వ్యాధి. ఇది నాళాలనూ పూడుస్తుంది, నరాలనూ తింటుంది. చక్కెర ఉన్నట్టు తెలియక, “నరాల బలహీనత” అని వచ్చి, పరీక్షలో ఆ సంగతి మొదటిసారిగా బయటపడేవారు ఎందరో. రక్తపుపోటు మాత్రలలో కొన్నింటి వల్ల పటుత్వం తగ్గే మాట నిజమే. కాని ఆ మాట ఎవరో చెప్పగా విని మాత్రలు మానేయడం ప్రమాదం. డాక్టరుతో చెబితే వేరే రకం రాసి ఇస్తారు.

ఇక ఆ గుడారంలోని సరుకు. దూలగొండి గింజలు, నేలతాడి దుంప, పల్లేరుకాయలు, పెన్నేరుగడ్డ. ఇవన్నీ మన వైద్యంలో ఉన్నవే. వాటిని తీసిపారేయడం నా అభిమతం కాదు. దూలగొండి గింజలో ఎల్-డోపా అనే పదార్థం ఉన్నది. వణుకుడు వ్యాధికి పెద్ద ఆస్పత్రులలో వాడే మందు అదే. అంత శక్తి ఉన్నదానికి మోతాదు తెలియాలి, ఎవరికి పడదో తెలియాలి. పైగా ఏ వేరూ పూడిపోయిన ధమనిని తవ్వలేదు. ఆయుర్వేదానికి ఎనిమిది అంగాలుంటే వాటిలో ఒకటి వాజీకరణం. ఆ అధ్యాయం చెప్పిన చరకుడు ముందు శరీరాన్ని శుద్ధి చేయమన్నాడు. మాసిన గుడ్డకు రంగు పట్టదన్న పోలిక కూడా ఇచ్చాడు. గుడారంవాడు శుద్ధి ఊసెత్తడు. డబ్బా మాత్రం అమ్ముతాడు. కొన్ని డబ్బాలలో ఇంకొక మోసం ఉన్నది. మూలికల పేరుతో అమ్మిన పొడులలో, మాత్రలలో ఇంగ్లీషు మందును రహస్యంగా కలిపిన సంగతి అనేక దేశాలలో పరీక్షల్లో బయటపడింది. “పనిచేసింది” అంటే కొన్నిసార్లు అర్థం అదే.

ఉడుము కొవ్వు, అలుగు పొలుసులు కూడా ఇదే పేరుతో అమ్ముడుపోతాయి. ఉడుమును గానీ అలుగును గానీ పట్టినా అమ్మినా 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద జైలే. కోస్తా జిల్లాలలో గాడిద మాంసానికి కూడా ఈ మహత్తే అంటగట్టారు. పాపం, బరువులు మోసిన జన్మకు ఇదొక బహుమానం! పత్రికలలో, గోడల మీద “పురుషశక్తి”కి మందులని ప్రకటించడాన్ని 1954లోనే కేంద్రప్రభుత్వం చట్టం చేసి నిషేధించింది. చట్టానికి డెబ్భై ఏళ్లు దాటాయి, గోడలు ఖాళీగా ఏమీ లేవు.

కుర్రవాళ్ల సంగతి వేరు. ఇరవై, పాతిక ఏళ్లవాడికి సాధారణంగా నాళాలు నిక్షేపంలా ఉంటాయి. నిద్రలోనూ, తెల్లవారుజామునా సహజంగా కలిగే స్తంభనం మామూలుగానే ఉంటే చిక్కు ఎక్కువగా మనసులోనే అనుకోవచ్చు. రసం నుంచి రక్తం, రక్తం నుంచి మాంసం, అలా ఏడో ధాతువుగా శుక్రం అని శాస్త్రంలో ఉన్నదాన్ని పట్టుకుని, ఒక చుక్క పోతే 40 చుక్కల రక్తం పోయినట్టేనని బెదిరించినవారి పుణ్యమా అని, స్వప్నస్ఖలనానికే బెంగపడి చిక్కిపోయినవాళ్లున్నారు. ఈ బెంగకు 1960లో డాక్టరు ఎన్. ఎన్. విగ్ “ధాత్ సిండ్రోమ్” అని పేరు పెట్టారు. అది రోగం కాదు, భయం. తెలుగుదేశంలో ఈ భయాన్ని పోగొట్టడానికి విజయవాడ డాక్టరు సమరంగారు స్వాతి వారపత్రికలో ఏళ్ల తరబడి ఓపికగా జవాబులు రాశారు. ఆ పుటలను పెద్దవాళ్లు దాచిపెట్టుకుని చదివారు, పిల్లలు వెతుక్కుని చదివారు. పదిహేనో శతాబ్దంలోనే కూచిరాజు ఎర్రన కొక్కోకాన్ని తెలుగు పద్యాలలో రాశాడు. అంటే మాట్లాడుకోవడం మనకు కొత్త కాదు, మానేయడమే కొత్త.

పిల్లలు కలగకపోవడమూ, పటుత్వం లేకపోవడమూ ఒకటి కావని కూడా ఇక్కడే చెప్పాలి. కలయికలో ఏ లోటూ లేనివాడికి వీర్యకణాలు లేకపోవచ్చు. కోడలిని నాలుగు ఆస్పత్రులు తిప్పి, తలకిందులుగా మొక్కులు మొక్కించే అత్తగారు ముందు కొడుకును ఒక్క వీర్యపరీక్షకు పంపితే చాలా ఖర్చు, అంతకన్నా ఎక్కువ కన్నీరు మిగులుతాయి.

మరి పోయిన పటుత్వం తిరిగి వస్తుందా? చాలామందికి వస్తుంది. ఇటలీలో నేపుల్స్ వైద్యులు ఈ బాధ ఉన్న 110 మంది స్థూలకాయులను తీసుకుని, సగంమందికి తిండీ వ్యాయామమూ దగ్గరుండి నేర్పారు. మిగిలిన సగానికి మామూలు సలహాలిచ్చి పంపారు. రెండేళ్ల తర్వాత, 2004లో ప్రకటించిన ఫలితం ఇది: నేర్పినవారు 55 మందిలో 17 మందికి మామూలు స్థితి వచ్చింది, రెండోవారిలో ముగ్గురికి. మందు లేదు, లేహ్యం లేదు. అందరికీ రాలేదన్న సంగతి కూడా గమనించండి. వ్యాయామమైతే వారానికి నాలుగుసార్లు, 40 నిమిషాల చొప్పున, ఆయాసం తెలిసేటంత వేగంగా, ఆరు నెలలు చేయాలంటారు. ఖమ్మంలో లకారం చెరువుకట్ట ఉన్నది, భద్రాచలంలో గోదావరి కరకట్ట ఉన్నది. మిత్రులతో రాజకీయాలు మాట్లాడుకుంటూ తిరగడం కాదు సుమండీ. మాట తడబడేంత నడక.

ముందుగా పోవలసినది మాత్రం డాక్టరు దగ్గరికే. రక్తపుపోటు, చక్కెర, కొవ్వు, అవసరమైతే పొద్దుటిపూట హార్మోను పరీక్ష. సర్కారు ఆస్పత్రిలో మొదటి రెండూ ఉచితంగానే చూస్తారు. భార్యను వెంటబెట్టుకుని వెళితే ఆమె మనసులోని అనుమానం కూడా అక్కడే తీరిపోతుంది.

గుండెనొప్పి మందుగా పరిశోధిస్తుండగా ఈ పనికి పనికివస్తుందని తేలిన సిల్డెనాఫిల్ మాత్రను 1998లో అమెరికా అనుమతించింది. ఇప్పుడది మన ఊళ్లలోనూ దొరుకుతుంది. మంచి మందే, డాక్టరు చూసి ఇస్తే. కాని గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటి మాత్రలు వాడేవారు దీన్ని ముట్టుకోకూడదు. రెండూ కలిస్తే రక్తపుపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అలాగే ఈ మాత్రో, గుడారంలో కొన్న పొడో వేసుకున్న తర్వాత ఛాతీలో నొప్పి వస్తే, ఆస్పత్రిలో డాక్టరుతో ఆ సంగతి మొదటే చెప్పాలి. మంచం చుట్టూ బావమరుదులూ, వియ్యంకులూ నిలబడి ఉంటే వారిని బయటికి పంపించమని అడిగి అయినా సరే, చెప్పాలి.