చెవిలో ఒక భాష, నోట మరో భాష

రాతను ఒక భాషలోంచి మరో భాషలోకి తెచ్చేవారు అనువాదకులు, మాటను తెచ్చేవారు దుబాసీలు. నేటి అంతర్జాతీయ సభల్లో వీరినే ఇంటర్‌ప్రెటర్లు అంటున్నారు. అనువాదకుడు నిఘంటువు తిరగేయవచ్చు, రాసింది కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు. దుబాసీకి ఆ వెసులుబాటు లేదు. అందుకే ఈ వృత్తిలోని చిక్కుల్లో చాలావరకు వ్యవధి చాలకపోవడం వల్ల వచ్చేవే.

ఈ పని రెండు పద్ధతుల్లో సాగుతుంది. పాత పద్ధతిలో వక్త కొంతసేపు మాట్లాడి ఆగుతాడు. దుబాసీ తాను రాసుకున్న గుర్తులు చూస్తూ ఆ భాగాన్ని రెండో భాషలో చెబుతాడు. 1919 నాటి పారిస్ శాంతి సభలో పాల్ మాంటూ ఫ్రెంచి, ఇంగ్లీషుల మధ్య ఇలాగే పనిచేశాడు. ఇలాంటి నోట్సులో పూర్తి వాక్యాలు కనిపించవు. బాణాలు, గీతలు, పొడి అక్షరాలే ఉంటాయి. ఎవరు, ఏం చేశారు, ఎందుకు చేశారు అన్న వరుస చేతిలో ఉంటే మాటలు దొరుకుతాయి. ఈ పద్ధతిలో సభ నిడివి మాత్రం దాదాపు రెట్టింపవుతుంది.

రెండోది వక్త మాట్లాడుతుండగానే అనువదించే పద్ధతి. 1945 నవంబరు 20న నూరెంబర్గ్‌లో మొదలైన నాజీ నేతల విచారణతో ఇది ప్రపంచం దృష్టికి వచ్చింది. ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, జర్మన్ భాషల్లో విచారణ సాగింది. ఐబీఎం సంస్థ పరికరాలు సమకూర్చింది. మాట్లాడేవారి ముందు పసుపు దీపం వెలిగితే నెమ్మదించాలి, ఎర్ర దీపం వెలిగితే ఆపేయాలి.

అక్కడ జర్మన్ వాక్యాలు బాగా ఇబ్బంది పెట్టాయి. ఆ భాషలో చాలా వాక్యాలకు క్రియ చివర్లో వస్తుంది. తెలుగుదీ ఇదే తీరు. ‘ఈ ప్రతిపాదనను మా ప్రభుత్వం కిందటి సమావేశంలోనే గట్టిగా’ అన్నంత వరకు విన్నా, సమర్థించిందో వ్యతిరేకించిందో తేలదు. ఇంగ్లీషులో కర్త వెంటనే క్రియ చెప్పాలి. దుబాసీ ముందున్న దారులు మూడే. క్రియ వచ్చేదాకా ఆగవచ్చు, కానీ అప్పటికి వక్త తర్వాతి వాక్యంలో ఉంటాడు. చేతికందిన భాగాన్ని చిన్న వాక్యంగా ముగించి, తేలాల్సిన సంగతిని తర్వాతి వాక్యానికి వదిలేయవచ్చు. లేదా వక్త ధోరణిని బట్టి క్రియను ముందే ఊహించవచ్చు. ఊహ తప్పితే అప్పటికప్పుడు సరిదిద్దుకోవాలి.

అంకెలతో మరో తిప్పలు. కథనంలో ఒక మాట జారినా సందర్భం ఆదుకుంటుంది, అంకె జారితే ఆధారం ఉండదు. ఇంగ్లీషులో నూట ఇరవై మిలియన్లన్నది తెలుగులో 12 కోట్లు కావాలి. ఈ లెక్క కట్టేలోగా వక్త ఇంకో అంకె చెప్పేస్తాడు. అందుకే పక్కన కూర్చున్న సహచరుడు అంకెలను కాగితం మీద రాసి చూపిస్తుంటాడు.

నుడికారం విషయంలోనూ అంతే. అమెరికా మీద విరుచుకుపడేటప్పుడు సోవియట్ నేత క్రుశ్చేవ్ వాడిన ఒక రష్యన్ జాతీయానికి అక్షరాలా అర్థం ‘కుజ్మా తల్లిని చూపిస్తాం’ అని. అసలు భావం ‘మా తడాఖా చూపిస్తాం’. పుస్తక అనువాదకుడైతే దీనికి తీరిగ్గా సాటి మాట వెతుక్కుంటాడు, దుబాసీకి ఉన్నది కొన్ని క్షణాలే.

ఈ వృత్తిలో మరో నియమం ఉంది. వక్త ‘నేను’ అంటే దుబాసీ కూడా ‘నేను’ అనే అంటాడు. తన సంగతి చెప్పాల్సి వస్తే మాత్రం ‘ఇంటర్‌ప్రెటర్‌కు వినపడటం లేదు’ అంటూ తనను వేరే మనిషిలా పేర్కొంటాడు.

ఐక్యరాజ్యసమితిలో 6 అధికార భాషలున్నాయి. ఈ పనిలో మనసుకు శ్రమ ఎక్కువ కాబట్టి అక్కడ ఒక్కో భాషకు కేటాయించిన గదిలో కనీసం ఇద్దరు దుబాసీలు ఉండి, 20 నుంచి 30 నిమిషాలకోసారి వంతు మార్చుకుంటారు. ఐరోపా సమాఖ్యలో 24 అధికార భాషలుండటంతో ఒక భాష నుంచి మరో భాషకు 552 దారులు ఏర్పడతాయి. అన్నిటికీ మనుషులు దొరకరు. అప్పుడు ప్రసంగాన్ని ముందు ఇంగ్లీషు లాంటి భాషలోకి తెస్తారు, మిగతావారు అది విని తమ భాషలో చెబుతారు. మొదటివారు తప్పు చేస్తే అది అందరికీ పాకుతుంది. వక్త జోక్ వేస్తే, అది ఒక్కొక్కరికి ఒక్కో క్షణంలో చేరడం వల్ల హాల్లో నవ్వు విడతలుగా వినిపిస్తుంది.

మన లోక్‌సభలో హిందీ, ఇంగ్లీషుల మధ్య వక్త మాట్లాడుతుండగానే అనువదించే సౌకర్యం 1964లో మొదలై, క్రమంగా తెలుగుతో సహా ఇతర భారతీయ భాషలకు విస్తరించింది. తెలుగులాగే హిందీలోనూ క్రియ చివరే వస్తుంది కాబట్టి, తెలుగు సభ్యుడి ప్రసంగాన్ని హిందీలో చెప్పేవారు వాక్యం వెంబడే నడవగలరు. ఇంగ్లీషులో చెప్పేవారికే ఆ చివరి మాట కోసం ఎదురుచూపు తప్పదు.