కాల్చలేకపోయిన లేజర్

మొన్న వేసవిలో, తునికి దగ్గర్లో ఉన్న మా తోటలో చిక్కంతో మామిడికాయలు కోసి నిచ్చెన దిగుతున్నాను. ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేశాను. లేదు. చీలమండ మడతపడి, పొద్దుగూకేసరికి కలెక్టరు మామిడికాయంత వాచింది. మా అమ్మ చింతపండూ ఉప్పూ ఉడికించి పట్టు వేస్తానంది. మర్నాడు ఊళ్ళో ఫిజియో దగ్గరికి వెళ్తే ఆ అమ్మాయి ముందుగా నాలుగడుగులు నడవమంది. అన్ని అడుగులు వెయ్యలేకపోయినా, చీలమండకు అటూ ఇటూ ఉబ్బెత్తుగా ఉండే ఎముకల దగ్గర నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తియ్యాల్సిందేనట. కెనడా వైద్యులు 1992లో ప్రకటించిన ఒట్టావా సూత్రాల్లో ఇదొకటి. కుంటుతూ ఆరడుగులు వేశాను. పరీక్ష పాసయ్యాను.

తర్వాత కళ్ళకు రంగు అద్దాలు పెట్టి, టార్చిలైటులాంటి పరికరాన్ని వాపు మీద ఆనించింది.

"కరెంటేమీ తెలియట్లేదమ్మా!"

"తెలియకూడదండి మాస్టారూ. వేడి తగిలితే నేను తప్పు చేస్తున్నట్టే."

ఇలా ఏమీ తెలియకపోవడంలోనే ఉంది ఈ లేజర్ యంత్రం పుట్టుక.

అణువుల నుంచి ఒకే తీరు కాంతిని పిండవచ్చని ఐన్‌స్టీన్ 1917లో కాగితం మీద చెప్పాడు. దాన్ని నిజం చేసింది థియొడోర్ మైమన్. 1960 మే 16న, కాలిఫోర్నియాలో, కెంపు కడ్డీ చుట్టూ ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్ దీపం చుట్టి మొదటి లేజర్ వెలిగించాడు. పత్రికలు దాన్ని మృత్యుకిరణమన్నాయి. డాక్టర్లకూ దాంట్లో మొదట కనిపించింది మంటే: దేన్ని కాల్చవచ్చు, దేన్ని కొయ్యవచ్చు అని.

హంగరీలో ఎండ్రె మెస్టర్ అనే శస్త్రవైద్యుడు కూడా ఆ దారినే బయల్దేరాడు. అమెరికాలో జంతువుల కణితుల్ని కెంపు లేజర్‌తో మాడ్చారని విని, 1960ల నడుమ బుడాపెస్ట్‌లో తనూ ఎలుకల మీద ప్రయత్నించాడు. ఆయన లేజర్‌కు అంత సత్తువ లేదు. కణితి చెక్కుచెదరలేదు. కానీ గొరిగిన చర్మం మీద, కాంతి పడ్డచోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి! ఇంకొకరైతే యంత్రాన్ని తిట్టుకుని అటకెక్కించేవాళ్ళు. మెస్టర్ మాత్రం వెంట్రుకల్ని వదల్లేదు, అక్కణ్ణుంచి మానని పుండ్లకు వెళ్ళాడు. ఈ వైద్యానికి తండ్రి ఆయనే.

కాంతి లోపల ఏం చేస్తుంది? రష్యా శాస్త్రవేత్త టీనా కారు చూపిన దారి ఇది: కణంలోని మైటోకాండ్రియాలో, ఊపిరి పనికి అవసరమైన సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఎరుపునూ, దాని ఆవలి పరారుణాన్నీ పీల్చుకుంటుంది. దాంతో కణానికి శక్తి తయారీ పుంజుకుంటుందని ఊహ. ఇది ఇంకా వాదనల్లోనే నలుగుతోంది. చర్మం కింద లోతుకు వెళ్ళాలంటే సుమారు 800 నుంచి 900 నానోమీటర్ల కాంతి కావాలి. అది కంటికి ఆనదు. నా కాలి మీద మెరిసిన ఎర్రచుక్క గురి చూసుకోవడానికి పెట్టినదే. మందేమో కనబడని కాంతి. అద్దాలు అందుకే.

మోతాదు దగ్గరే అసలు తిరకాసు. 100 మిల్లీవాట్ల లేజర్‌ను ఒకచోట 40 సెకన్లు ఆనిస్తే 4 జూళ్ళు అందుతాయి. బాగా తగ్గితే ఫలితం ఉండదు. మరీ పెంచితే వచ్చే మేలు కూడా పోతుంది. వంటలో ఉప్పులాగే. కొన్ని ప్రయోగాలు గెలిచి కొన్ని ఓడడానికి ఇదొక కారణం. నెదర్లాండ్స్‌లో అచ్చం నాలాంటి బెణుకులున్న 217 మందిపై జరిపిన పరీక్ష ఫలితం 1998లో వచ్చింది: వెలగని ఉత్తుత్తి లేజర్ పెట్టించుకున్నవాళ్ళకంటే వెలిగేది పెట్టించుకున్నవాళ్ళకు అదనంగా ఒరిగిందేమీ లేదు. 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష 16 పరీక్షలను, 820 మంది రోగులను కలిపి చూసినప్పుడు మాత్రం, మెడనొప్పికి ఉపశమనం కనబడింది. అమెరికా అనుమతి ఇవ్వడం మొదలుపెట్టింది 2002లో. ఇప్పుడు చవకైన ఎల్ఈడీలతోనూ ఇదే పని చేస్తున్నారు. లేజర్ అన్న పేరే అక్కర్లేదేమో.

ఈ లెక్కలన్నీ విన్నాక ఆ అమ్మాయిని అడిగాను: "మరి నాకు పనిచేస్తుందంటావా?"

"నొప్పి కాస్త తగ్గితే చాలండి, అసలు పని అప్పుడు మొదలవుతుంది" అంటూ యంత్రం కట్టేసి, కాలు గాల్లోకి ఎత్తి బొటనవేలితో అక్షరాలు రాయమంది. అ నుంచి మొదలు. మన లిపి అంతా మెలికలే, చీలమండకు తిరగని దిక్కు ఉండదు. మొదటిరోజు 'ఋ' దగ్గరే చేతులెత్తేశాను. రెండో వారానికి 'ఝ' దాటాను.