సారా వ్యతిరేక ఉద్యమం (ఆంధ్ర ప్రదేశ్)

సారా వ్యతిరేక ఉద్యమం 1990వ దశకం తొలి సంవత్సరాలలో అప్పటి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో గ్రామీణ మహిళలు నడిపిన సామాజిక ఉద్యమం. నెల్లూరు జిల్లా (ఇప్పటి శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా) దూబగుంట గ్రామం దీనికి పుట్టినిల్లుగా ప్రసిద్ధి పొందింది. కూలినాలి చేసుకొని బ్రతికే స్త్రీలు, అందులోనూ అధిక భాగం దళిత, వెనుకబడిన కులాలవారు, ఏ రాజకీయ పార్టీ పిలుపూ లేకుండానే దీనిని ఆరంభించారు.

నేపథ్యం

ఇక్కడ సారా అంటే ఊరి చివర దొంగచాటుగా కాచే నాటుసారా కాదు. ప్రభుత్వ అనుమతితో, వేలం పాట పాడుకొన్న గుత్తేదారులు బహిరంగంగా అమ్మిన సారా. 1983లో అధికారానికి వచ్చిన తెలుగుదేశం ప్రభుత్వం "వారుణి వాహిని" పేరుతో ప్లాస్టిక్ పొట్లాలలో సారా సరఫరా చేసే పథకాన్ని ప్రవేశపెట్టింది. కల్తీని అరికట్టడం దాని ఉద్దేశ్యమని చెప్పబడింది. అయితే పొట్లం జేబులో పట్టేది, సైకిలు మీద మోసుకుపోవడానికి అనువైనది కావడంతో, అంతకు ముందు దుకాణానికి వెళ్ళి త్రాగవలసిన సారా వాడవాడకూ, పొలం గట్టుకూ చేరింది. రాష్ట్రానికి ఎక్సైజు ఆదాయం 1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలు కాగా 1991-92 నాటికి 812 కోట్లు దాటింది. ఈ సొమ్ములో చాలా భాగం బీదవాని రెక్కల కష్టమే అన్న సంగతిని మరువరాదు.

మగవాని కూలి ఇల్లు చేరకముందే దుకాణం పాలయ్యేది. ఇల్లు గడపవలసిన భారం స్త్రీ కూలి మీద పడేది. ఆ కూలి డబ్బులు కూడా ఇమ్మని కొట్టడం, ఇంట్లోని బియ్యం, చెంబులు అమ్ముకోవడం, పిల్లలను బడి మానిపించి పనికి పంపడం సాధారణమైపోయాయి. త్రాగుడు మగవాని అలవాటుగా కాక కుటుంబం మొత్తానికి తగిలిన వ్యాధిగా స్త్రీలకు కనిపించింది. త్రాగడానికి మంచినీళ్ళు ఇవ్వలేని ప్రభుత్వం సారా మాత్రం గుమ్మంలోకి ఎలా తెస్తున్నదని వారు వేసిన ప్రశ్నకు ఏ అధికారి వద్దా సమాధానం లేకపోయింది.

అక్షరాస్యత పాత్ర

జాతీయ సాక్షరతా కార్యక్రమంలో భాగంగా నెల్లూరు జిల్లాలో "అక్షర దీపం" కార్యక్రమం జరిగింది. రాత్రి పూట, పనులు ముగిశాక, స్వచ్ఛంద కార్యకర్తలు తరగతులు నడిపేవారు. వాచకాలలోని పాఠాలు అక్షరాలు నేర్పడానికే పరిమితం కాక కూలి, ఆరోగ్యం, త్రాగుడు వంటి నిత్య జీవిత విషయాలను చర్చకు పెట్టేవి. భర్త త్రాగుడుకు బలైన ఇల్లాలి గురించిన "సీతమ్మ కథ" అటువంటిదే. ఆ పాఠం చదివిన స్త్రీలు అందులో తమ బ్రతుకునే చూసుకొన్నారు.

దూబగుంట స్త్రీలు ఒక్కటై తమ ఊరిలో సారా అమ్మకాన్ని ఆపించారు. వారికి ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ తరువాతి కాలంలో దూబగుంట రోశమ్మగా పేరు పొందింది (2016లో మరణించింది). ఈ సంఘటనే "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠంగా అక్షరాస్యతా వాచకంలోకి ఎక్కింది. పాఠం నుండి పోరాటం, పోరాటం నుండి మళ్ళీ పాఠం: ఒక ఊరి కథ వందల ఊళ్ళకు ఇలా చేరింది. వయోజన విద్యకు ఇంతటి ఫలితం దక్కిన సందర్భాలు అరుదు.

ఉద్యమ వ్యాప్తి

1992లో ఉద్యమం జిల్లా అంతటా, ఆపై ఇతర జిల్లాలకు ప్రాకింది. స్త్రీలు చీపుర్లు, కారం పొడి చేతబట్టి సారా బండ్లను ఊరి పొలిమేరలోనే అడ్డుకొన్నారు. పొట్లాలను వీధిలో పారబోశారు, తగులబెట్టారు. వేలం పాటలు జరిగే చోట్లకు వెళ్ళి ఆటంకపరచగా నెల్లూరులో పాటలు పలుమార్లు వాయిదా పడ్డాయి. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి స్వంత జిల్లా కూడా నెల్లూరే కావడం గమనార్హం. గాంధేయవాది వావిలాల గోపాలకృష్ణయ్య, మహిళా సంఘాలు, వామపక్షాలు, జన విజ్ఞాన వేదిక మద్దతునిచ్చాయి. ఈనాడు దినపత్రిక ఉద్యమ వార్తలకు విశేష ప్రచారం ఇచ్చింది. తెలంగాణ పల్లెలలో సారాకు వ్యతిరేకంగా నక్సలైటు వర్గాల ఒత్తిడి అంతకు ముందు నుండే ఉన్నది. నెల్లూరు ఉద్యమం దానికంటే భిన్నంగా, స్త్రీలే నిర్ణయించి స్త్రీలే నడిపినది.

నిషేధం, సడలింపు

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోను, అదే ఏడాది అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాను కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం నిషేధించింది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించగా 1995 జనవరి నుండి అది అమలయింది. వారుణి వాహినిని తెచ్చిన నాయకుడే మద్యనిషేధాన్ని తేవలసి రావడం ఉద్యమ బలానికి నిదర్శనం. అయితే పొరుగు రాష్ట్రాల నుండి దొంగ రవాణా పెరిగింది, ఖజానాకు ఆదాయం తగ్గింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం సంపూర్ణ నిషేధాన్ని సడలించింది. సారా మీద నిషేధం మాత్రం కొనసాగింది. దాని స్థానాన్ని చౌక మద్యం, కొన్నిచోట్ల గుడుంబా ఆక్రమించాయి.

పొదుపు సంఘాలు

సారా ఆగిన ఊళ్ళలో ఇంట మిగిలిన డబ్బును స్త్రీలు రోజుకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టసాగారు. నెల్లూరు జిల్లాలో ఇది "పొదుపు లక్ష్మి"గా పేరుపొందింది. వడ్డీ వ్యాపారి గడప ఎక్కకుండా విత్తనాలకో, వైద్యానికో, పిల్లల చదువుకో సంఘం నుండే అప్పు దొరికే ఏర్పాటు ఇది. 1982లో మొదలైన కేంద్ర పథకం డ్వాక్రా ఆంధ్ర ప్రదేశ్‌లో 1990ల ద్వితీయార్థంలో అంతగా విస్తరించడానికి ఈ సంఘాల అనుభవం తోడ్పడింది. వేలం పాట ఆపడానికి కూడిన స్త్రీలే అనేక ఊళ్ళలో తొలి పొదుపు సంఘాల సభ్యులయ్యారు.