పాతగోడలకు సున్నమే మేలు

పాతకట్టడముల వెలిగోడలలో ఇటుకల నడుమ సున్నము రాలినచోట సిమెంటు కూరినచో గోడ గట్టిపడునని పలువురు తలంతురు. మేము దీనికి సమ్మతింపము. జోసెఫ్ ఆస్ప్‌డిన్ ఇంగ్లండులో పోర్ట్‌లాండు సిమెంటునకు పేటెంటు పొందినది 1824వ సంవత్సరమున. ఆ తరువాతను చాలకాలము మనదేశమున గోడలు గానుగసున్నముతోనే కట్టబడినవి.

గోడలో చేరిన తేమ మెత్తని సున్నపు సందులగుండ వెలికిపోయి ఆరును. సిమెంటు ఆ దారిని మూయును. అంతట తేమ ఇటుకలగుండ వెడలుచు, తనతో వచ్చిన ఉప్పును వానిలో విడిచి, క్రమముగా పొడిచేయును. సందు రాలిన మరల నింపవచ్చును. ఇటుకయే రాలిన గోడ చెడును.

కావున సందును దాని వెడల్పునకు రెండింతల లోతు వరకు తొలిచి, దుమ్ము దులిపి, నీటితో తడిపి, ఇసుక కలిపిన సున్నమును తాపీతో అదిమి కూరవలెను. సున్నము గాలిలోని బొగ్గుపులుసుగాలిని గ్రహించి మెల్లగా రాయివలె మారును. తొలిదినములలో తడిగోనెలు కప్పి ఎండనుండి కాపాడవలెను. పైపూతకును ఇదియే నియమము.

గోడను బాగుచేయబూనువారు అది దేనితో కట్టబడెనో మొదట పరీక్షించుకొందురుగాక.